రెండు గొడుగులు

నా స్టేషన్‌లోకి వచ్చేముందు బూట్లకంటిన మంచు దులుపుకోవడం తొమాబెచి షిగెజోకి ఏనాడూ చేతకాలేదు. ఊరి సంఘానికి పెద్ద, కలప అడితి యజమాని, గుడి ఉత్సవంలో ముందు వరసలో కూర్చునే మనిషి. అయినా గుమ్మం ముందు నేను పరిచిన గోనెపట్టా ఆయన కంటికి ఆనదు. తడి బూట్లతో నేరుగా పొయ్యి దగ్గరికి వస్తాడు. నిలబడిన చోట మడుగు కడుతుంది. ఆయన పోయాక నేను గుడ్డ తెచ్చి తుడుస్తాను. ఆ మనిషి నా దగ్గర్నుంచి ఏం పట్టుకుపోయాడో చెప్పేముందు ఈ సంగతి చెప్పాలి. పెద్ద నష్టం గురించి చెబితే జనం నమ్మరు, నీ తప్పు ఏముందో అంటారు. మడుగుని మాత్రం ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

కిందటి వారం మనం లెక్కరోజు దగ్గర ఆగాం. కురినొసవా స్టేషన్ ఉంచాలా మూసెయ్యాలా అని తేల్చడానికి రైలు కంపెనీ ఒక రోజు పెట్టింది. ఆ రోజు పొద్దుటి రైలుకి పదిమంది ఎక్కితే చాలు, స్టేషన్ ఉంటుంది. సంఘం సమావేశంలో ఊరంతా తలూపింది. నేను ముందురోజే ప్లాట్‌ఫారం ఊడ్చాను, బల్లల మీద దిండ్లు వేశాను, అమజాకె పెద్ద గిన్నెడు కాచి పొయ్యి మీద పెట్టాను, వచ్చినవాళ్ళు తలో కప్పు వెచ్చగా, తియ్యగా తాగి ఎక్కుతారని. రైలు వచ్చింది. కంపెనీ కుర్రాడు చేతిలో లెక్క మీట పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆ మీట ఒక్కసారి కూడా నొక్కలేదు. ఎవరూ రాలేదు. ఊరి సంఘం పెద్ద తొమాబెచి జనాన్ని బెదిరించి ఆపాడని నేను అనుకున్నాను. అక్కడే ఆగాం.

బెదిరించలేదు. అంతకంటే బాగా చేశాడు.

నా పేరు ఒయికావా ఎయ్‌కిచి. పదిహేనో ఏట బడి మానేసి పట్టాల ముఠాలో చేరాను. కంకర సర్దాను, దిమ్మలు మోశాను. కొన్నాళ్ళకి ముఠా పోయింది. ఆ తర్వాత చిన్న స్టేషన్లలో జీతగాళ్ళని కంపెనీ తీసేసింది. అప్పుడు ఊరి సంఘం ఇక్కడి టికెట్ల కిటికీ నాకు అప్పగించింది. కాబట్టి నేను స్టేషన్ మాస్టర్ని కాను. పాత మాస్టరు గారు వెళ్తూ వెళ్తూ టోపీ మేకుకి తగిలించి వదిలేశారు, అదే పెట్టుకుంటాను. రైలు వచ్చే వేళకి తెల్లగీత దగ్గర నిలబడి, పట్టాల మీదికి వేలు చాపి, "దారి సరి" అని గట్టిగా అంటాను. రైలు ఆగాక "కురినొసవా, కురినొసవా" అని ఊరి పేరు పిలుస్తాను. దిగేవాళ్ళు లేకపోయినా పిలుస్తాను. కొన్ని రోజులు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నా నోట్లోంచి వచ్చే మాటలు అవే.

స్టేషన్ కింద ఉన్న నేల మాది. మా తాత రోజుల్లో ఈ లోయలో రైలు ఆగేది కాదు. ఆపమని ఊరు బతిమాలితే, స్థలం మీరే చూపించండి, అరుగు మీరే కట్టుకోండి, ఆపుతాం అన్నారు. తాత రోడ్డు పక్కనున్న మెట్ట చేను ఇచ్చాడు. ధారపోయలేదు. రైలు ఆగినన్నాళ్ళూ వాడుకోండి, ఆగడం మానిన నాడు నేల మా ఇంటికి తిరిగి రావాలి అన్నాడు. ఆడవాళ్ళు ఏట్లోంచి వీపు బుట్టల్లో రాళ్ళు మోసుకొచ్చి ప్లాట్‌ఫారం కట్టారు. అప్పటికి గౌను పిల్లగా ఉన్న కినూ అవ్వ కూడా మోసింది. తను మోసిన రాయి ఏదో ఆమెకి ఇప్పటికీ తెలుసు. దాని మీద ఎవరినీ కాలు పెట్టనివ్వదు.

ఆ కినూ అవ్వే లెక్కరోజు అయిన తర్వాతి వారం, మధ్యాహ్నం రైలు వేళకి ముందు, పొయ్యి పక్కన కూర్చుని ఉంది. రోజూ వస్తుంది. ఎక్కదు. ఇంట్లో ఒక్కదానికోసం కిరోసిన్ తగలెయ్యడం దండగంటుంది. బయట తడి మంచు పడుతోంది. పట్టాల అవతల తోటలో కోయకుండా వదిలేసిన ఆపిల్ పళ్ళు కొమ్మల మీదే నల్లబడుతున్నాయి.

"ఎయ్‌చీ, ఆ మొహవేంట్రా, ఊరబెట్టిన ముల్లంగిలా ముడుచుకుపోయింది?" అంది అవ్వ. "వారం నుంచి చూస్తున్నా. నాకు టీ పోసేటప్పుడు కూడా గోడనే చూస్తున్నావు."

"నా మొహానికేం లేదు."

"అయితే గోడకేదో ఉంది."

నేను టీ పోశాను. వారం రోజులుగా నాలుక చివరనున్న ప్రశ్న ఒకటుంది. మా ఊళ్ళో అలాంటివి అడగరు. అడిగితే ఎదుటివాళ్ళు జవాబు చెప్పాల్సి వస్తుంది, వాళ్ళని ఆ ఇబ్బందిలో పెట్టినందుకు మళ్ళీ మనమే క్షమాపణ చెప్పుకోవాలి. లెక్కరోజు తర్వాత ఊళ్ళో ఎవరు ఎదురైనా ఇద్దరం తలలు వంచుకుని మంచు గురించి మాట్లాడుకున్నాం. ఆ రోజు మాత్రం గోడ కూడా నాకు విసుగొచ్చింది.

"అవ్వా, లెక్కరోజున మీరెందుకు రాలేదు?"

అవ్వ కప్పు కింద పెట్టింది. "వద్దామనే అనుకున్నా. ముందురోజు తలంటుకున్నాను కూడా. మా కోడలు పంపిన ఊదారంగు కోటుందే, దాన్ని పెట్టెలోంచి తీసి ఎండ తగిలేలా వేలాడదీశా."

"మరి?"

"రైలుకి పెట్టె ఒక్కటేగా."

"ఎప్పుడూ ఒక్కటే."

"అందుకే. ఊరంతా ఎక్కితే సీట్లెక్కడ చాలతాయి? నేను కూచుంటే ఒకటి పోయినట్టేగా. ఆ హిదెకోకి మోకాళ్ళు సచ్చిపోయాయి, నిలబడలేదు. దానికి చోటుండాలిగా, పాపం."

"హిదెకో గారు కూడా రాలేదు."

"అవునంట. నిన్న కూరల బండి దగ్గర కలిసింది." అవ్వకి నవ్వొచ్చింది. "అది నాకోసం మానేసిందట! 'కినూ అవ్వ ముసల్ది, అవ్వ కూచోవాలిగా' అని. నన్ను ముసల్దంటుందిరా అది. దాని పక్కింటి బెప్పు ఉన్నాడే, వాడేమో మా ఇద్దరికీ చోటుండాలని మానేశాడంట. ఇద్దరం వాడిని తిట్టాం."

నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. నా మొహం చూసి ఆగిందో, తనకే తోచిందో తెలియదు. 

నాకు ఊరంతా కళ్ళముందు కనిపించింది. ఇంటింటా ఒకరు, మంచి బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని, గుమ్మం దగ్గరే చెప్పులు సిద్ధం చేసుకుని, ఆఖరి నిమిషంలో మళ్ళీ లోపలికెళ్ళి కూర్చున్నారు. రైలు కూత వినపడింది. పోన్లే, మిగతావాళ్ళంతా ఎక్కేసి ఉంటారు, ఇరుకు లేకుండా కూర్చుని ఉంటారు అని ప్రతి ఒక్కరూ సంతోషపడి ఉంటారు. ఆ సంతోషం అన్ని ఇళ్ళలోనూ ఉన్న వేళకి, ఇక్కడ ప్లాట్‌ఫారం మీద నేనూ, మీట పట్టుకున్న కుర్రాడూ, గిన్నెడు అమజాకే ఉన్నాం.

"సీట్ల సంగతి మీకెవరు గుర్తుచేశారు?" అన్నాను.

"గుర్తు చెయ్యడమేంటి? షిగెజో వచ్చాడుగా. ముందురోజు సాయంత్రం ఇంటింటికీ తిరిగాడు. తలో రెండు ఆపిల్ పళ్ళు కూడా ఇచ్చాడు."

"ఏమన్నాడు?"

"మంచిమాటే అన్నాడు. 'రేపు తప్పకుండా రండవ్వా' అన్నాడు. 'పెట్టె ఒక్కటే కదా, కాస్త ఇరుకవుతుందేమో, నిజంగా అవసరమున్నవాళ్ళకి చోటు దొరికితే బాగుండు' అన్నాడు. టోపీ తీసి మరీ అన్నాడు." అవ్వ కప్పు చేతిలోకి తీసుకుంది, తాగలేదు. "నీ దగ్గరికి రాలేదా?"

"రాలేదు."

సరిగ్గా అప్పుడే తలుపు జారింది. తొమాబెచి షిగెజో తడి బూట్లతో లోపలికి వచ్చాడు.

ఆయన్ని రైలు వేళకి స్టేషన్‌లో చూసి చాలా ఏళ్ళయింది. చిన్న ట్రక్కు ఉంది, పట్నం వెళ్ళాలంటే దాంట్లోనే పోతాడు. ఆ రోజు నల్లకోటు వేసుకున్నాడు, మెడకి టై ఉంది. కలప పొట్టు వాసన లేదు, సబ్బు వాసన వస్తోంది. చేతిలో రెండు నల్ల గొడుగులు. ఒకటి విప్పి వాడింది, నీళ్ళు కారుతోంది. రెండోది ముడిచి, పట్టీ బిగించి, పొడిగా ఉంది.

"పెళ్ళికెళ్తున్నావేంట్రా షిగెజో?" అంది అవ్వ.

"లేదవ్వా."

"మరి రెండు గొడుగులెందుకు? నీకు రెండు తలకాయలున్నాయని ఊళ్ళో అంటే నేను నమ్మలేదు సుమా."

"మంచు పడుతోంది కదవ్వా," అని నవ్వి, గొడుగులు గోడకి చేరేసి, పొయ్యి మీదికి చేతులు చాపాడు. కాళ్ళ కింద మడుగు మొదలైంది.

చిన్నప్పుడు ఆయన్ని షిగె అన్నా అని పిలిచేవాడిని. ఏట్లో చేపలు పట్టడం నాకు నేర్పింది ఆయనే. సంఘం పెద్ద అయ్యాక తొమాబెచి గారూ అనడం మొదలుపెట్టాను. దూరం పెట్టాలంటే మర్యాదని మించింది లేదు.

"ఇంటింటికీ తిరిగారట, తొమాబెచి గారూ."

"సంఘం పెద్దని. తిరిగితే నీలాంటివాళ్ళు తిడతారు, తిరక్కపోతే ఊరు తిడుతుంది."

"పెట్టె ఒక్కటేనని చెప్పారట."

"రెండున్నాయా?"

నేను కిటికీ వెనక నుంచి బయటికి వచ్చాను. టోపీ నెత్తిమీదే ఉంది. ఆయన నా వైపు తిరగలేదు, చేతులు రుద్దుకుంటూనే ఉన్నాడు.

"ఎయ్‌కిచి, నేనేమన్నా అబద్ధం ఆడానా? రావద్దన్నానా? తప్పకుండా రమ్మన్నాను. అవ్వ ఎదురుగానే ఉంది, అడుగు."

"రమ్మనే అన్నాడు," అంది అవ్వ. 

"రమ్మని పిలిచి రాకుండా చేశారు," అన్నాను. "ఈ ఊళ్ళో నలుగురు కూర్చుని తింటే ఆఖరి ముల్లంగి ముక్క పళ్ళెంలోనే ఎండిపోతుంది. పక్కవాళ్ళకి ఉండాలని ఎవరూ ముట్టుకోరు. అందరికీ ఆకలే, అయినా ముక్క చెత్తలోకి పోతుంది. మీరు ఇక్కడే పుట్టారు. ఏ మాట చెబితే ఎవరు ఆగిపోతారో మీకు తెలుసు. తెలిసే చెప్పారు."

ఆయన వెంటనే కాదంటాడనుకున్నాను. కాదనలేదు.

"తెలిసే చెప్పాను," అన్నాడు. "తిట్టు. తిట్టించుకోడానికి సిద్ధపడే చేశాను. కానీ తిట్టేముందు ఒకటి చెప్పు. నువ్వెందుకు ఎక్కలేదు?"

"నేనా?"

"నువ్వే. మిగతావాళ్ళు ఇళ్ళలో ఉన్నారు, వాళ్ళకి తెలీదు. నీకు తెలుసు, ప్లాట్‌ఫారం ఖాళీగా ఉందని. తలుపు నీ ఎదురుగా తెరుచుకునే ఉంది. ఒక్క అడుగు వెయ్యాలి. తరవాతి స్టేషన్‌లో దిగి పట్టాల పక్కన నడుచుకుంటూ వచ్చినా, ఒకడు ఎక్కినట్టేగా? సున్నాకీ ఒకటికీ చాలా తేడా ఉంది. ఆ ఒకటి చూపించి, సంఘం పెద్దగా నేను కూడా స్టేషన్ ఉంచమని ఏదో మాట్లాడాల్సొచ్చేది. నువ్వేం చేశావు?"

నేనేం చేశానో ఆయనకి తెలుసు. కంపెనీ కుర్రాడు వచ్చి చెప్పి ఉంటాడు. తెల్లగీత దగ్గర నిలబడి, వేలు చాపి, "దారి సరి" అన్నాను. ఖాళీ రైలుకి తల వంచి దండం పెట్టాను.

"టోపీ పెట్టుకున్నవాడు రైలెక్కడు," అన్నాను.

"చూశావా!" ఆయన మొదటిసారి నా వైపు తిరిగాడు. "నువ్వూ ఈ ఊరివాడివే. హిదెకో తన సీటు అవ్వకి వదిలేసింది, అవ్వ హిదెకోకి వదిలేసింది. నువ్వు నీ టోపీకి వదిలేశావు."

  ఆ మాట అన్నది ఆయన కాకపోయి ఉంటే ఒప్పుకునేవాడినేమో.

"ఈ స్టేషన్ చచ్చి ఇరవయ్యేళ్ళయింది," అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి. "నువ్వు రోజూ పొద్దున్నే లేచి శవానికి గడ్డం గీస్తున్నావు. అవతల నా దుంగలు కొండ మీద కుళ్ళిపోతున్నాయి. లారీ తిరగడానికి రోడ్డు పక్కన జాగా లేక ముగ్గురు పనివాళ్ళని మానిపించాను. వాళ్ళూ ఈ ఊరివాళ్ళే. వాళ్ళకోసం ఎవరూ అమజాకె కాచలేదు."

"ఓహో. జాగా కోసమన్నమాట."

"జాగా కోసమే."

అప్పుడు నాకు కాస్త ఊపిరి వచ్చింది. నిజం చెప్పాలంటే సంతోషం కూడా వేసింది. ఆయన ఇంత తెలివి ఉపయోగించి, ఆపిల్ పళ్ళు పంచి, చివరికి ఎక్కడికొచ్చి ఆగాడో చూసి.

"ఈ నేల కంపెనీది కాదు, తొమాబెచి గారూ. మా తాత వాడుకోమని ఇచ్చింది. రైలు ఆగడం మానేస్తే మా ఇంటికి తిరిగొస్తుంది. నా గడప తొక్కి అడిగినా, నెత్తిన పెట్టుకుని అడిగినా మీకు అమ్మను. ముళ్ళకంప పెరగనిస్తాను, మీ లారీని మాత్రం తిరగనివ్వను."

"మీ ఇంటికే తిరిగొస్తుంది. ఎవరు కాదన్నారు?" అన్నాడు. "మీ ఇంట్లో ఎంతమంది?"

"నేనొక్కడినే. మీకు తెలీదా?"

"మీ నాన్నకి పిల్లలెంతమంది?"

పొయ్యి మీద కెటిల్ మూత చప్పుడు ఎక్కువైంది. ఎవరూ దాన్ని దించలేదు.

నాకొక చెల్లెలుంది. పేరు మిత్సుయో. పంతొమ్మిదో ఏట, నాన్నకి నచ్చని మనిషి కోసం, ఈ ప్లాట్‌ఫారం మీద నుంచే రైలెక్కి వెళ్ళిపోయింది. నాన్న పోయినప్పుడు వచ్చింది. వెనక వరసలో కూర్చుని ధూపం వేసి, నాతో మాట కలపకుండా స్టేషన్‌కి వచ్చింది. నేను ఆమె కంటే ముందే వచ్చి కిటికీ తెరిచాను, రైలు వేళ అయింది కదా. "ఒక టికెట్," అంది. ఇచ్చాను. తల ఎత్తలేదు. ఆమె చేతులు మాత్రం చూశాను, చలికి పగిలి ఉన్నాయి. అంతే. ఆ తర్వాత కొత్త సంవత్సరానికి కార్డులు వచ్చేవి, కొన్నాళ్ళకి అవి కూడా రాలేదు.

"మీ నాన్న పోయాక ఈ నేల ఎవరి పేరన మార్చావు?" అన్నాడు తొమాబెచి.

"మార్చలేదు. ఈ లోయలో ఎవరు మారుస్తారు?"

ఎవరూ మార్చరు. తండ్రి పోతే తండ్రి పేరు మీదే ఉంచి దున్నుకుంటాం. పేరు మార్చాలంటే పంపకాల మాట ఎత్తాలి. అలాంటి మాట ఎత్తి తోబుట్టువుల్ని ఇబ్బందిలో పెట్టడం దేనికని, ఒక చావు తర్వాత ఇంకో చావు వచ్చినా పాత పేరే ఉండిపోతుంది.

"మార్చకపోతే పిల్లలందరిదీ అవుతుంది," అన్నాడు. "మీరిద్దరు. చెరి సగం. తన సగం అమ్ముకోడానికి మిత్సుయోకి నీ ముద్ర అక్కర్లేదు, నీ మొహం చూడక్కర్లేదు. వరికోతలప్పుడు అమ్మింది. నాకే అమ్మింది."

నేను బల్ల పట్టుకున్నాననుకుంటాను. అవ్వ "ఎయ్‌చీ, కూచోరా," అనడం వినపడింది. కూర్చోలేదు.

"అబద్ధం."

"నేను అబద్ధాలాడనని ఇందాకే తేలిందిగా."

"మిత్సుయో అలా చెయ్యదు."

"ఏం చేస్తుందో ఏం చెయ్యదో నీకేం తెలుసు?" ఆయన గొంతులో వెటకారం లేదు. అది ఉంటే బాగుండేది. "ఎందుకు అమ్మిందో నన్నడక్కు. ఆమెనే అడుగు. నేను నీకోసం రాలేదు ఎయ్‌కిచి. తిట్టించుకోడానికీ రాలేదు. రైలు కోసం వచ్చాను."

నా కళ్ళు గోడ వైపు పోయాయి. గోడకి చేరేసిన గొడుగుల్లో ఒకటి నీళ్ళు కారుస్తోంది. రెండోది ఇంకా పొడిగానే ఉంది.

సొరంగం అవతల కూత వినపడింది.

అప్పుడు జరిగినదానికి కినూ అవ్వ చాలా రోజులు తనని తనే తిట్టుకుంది, నాకు మాత్రం అదొక్కటే మంచిగా గుర్తుంది. అవ్వ బల్ల మీద నుంచి లేచింది. నడుం సాయానికి పొయ్యి చుట్టూ ఉన్న ఇనప కమ్మీ పట్టుకుంది. కిటికీ దగ్గరికి వచ్చి, చిల్లర సంచి మూతి విప్పింది.

"టికెట్టియ్యి."

"ఎక్కడికవ్వా?"

"ఎక్కడికైతే ఏం? తరవాతి స్టేషన్‌కి."

"లెక్క అయిపోయిందవ్వా. ఇప్పుడెక్కినా ఎవరూ లెక్కపెట్టరు."

"లెక్కపెట్టకపోతే మానె. నేను మోసిన రాయి మీద నుంచి నేనే ఎక్కుతాను. ఏరా షిగెజో, పెట్టెలో చోటుంటుందంటావా? ఇరుకవుతుందేమో?"

తొమాబెచి తల వంచుకున్నాడు. ఆయన మెడ వెనక భాగం ఎర్రబడడం నేను చూశాను. అంతకంటే నాకు దక్కింది ఏమీ లేదు.

టికెట్ కొట్టి అవ్వ చేతికిచ్చాను. ముద్ర వంకరగా పడింది. టోపీ సర్దుకుని బయటికి వచ్చి తెల్లగీత దగ్గర నిలబడ్డాను. మంచు అడ్డంగా కొడుతోంది. వేలు చాపాను.

"దారి సరి."

ఒక్క పెట్టె రైలు నెమ్మదిగా వచ్చి ఆగింది. అద్దాలన్నీ ఆవిరి పట్టి తెల్లగా ఉన్నాయి, లోపల ఎవరున్నారో తెలియలేదు. తలుపు తెరుచుకుంది.

"కురినొసవా. కురినొసవా."

నా గొంతు నాకే పరాయిదానిలా వినపడింది. దిగేవాళ్ళు ఉన్నప్పుడు ఆ పిలుపు ఎలా పలకాలో మరిచిపోయాను.

ముందు ఒక కాలు కిందికి వచ్చింది. జాగ్రత్తగా, మెట్టు ఎక్కడుందో కంటికి కనపడనట్టు తడుముకుంటూ. తర్వాత మనిషి దిగింది. నల్లకోటు. తల మీద ఏమీ లేదు, జుట్టు సగానికి పైగా నెరిసింది. రెండు చేతులతో రొమ్ముకి ఆనించి పట్టుకున్న పెట్టె ఒకటి ఉంది. పెట్టెకి తెల్లగుడ్డ చుట్టి, పైన ముడి వేసి ఉంది. అదేమిటో మా దగ్గర చిన్నపిల్లాడికైనా తెలుసు. దహనం అయ్యాక ఎముకలు పెట్టే పెట్టె. పెద్దవాళ్ళకైతే ఇంకాస్త పెద్దది ఉంటుంది. ఇది చిన్నది.

ఆమె నా ముందుకొచ్చి ఆగింది. తెల్లగీతకి అవతల ఆమె, ఇవతల నేను.

దిగినవాళ్ళ దగ్గర టికెట్ తీసుకోవాలి. నేను చెయ్యి చాపాను. ఇంకేం చెయ్యాలో నాకు తెలియలేదు.

"చేతులు ఖాళీగా లేవన్నయ్యా," అంది మిత్సుయో. "కోటు జేబులో ఉంది. నువ్వే తీసుకో."

ఆమె జేబులో చెయ్యి పెట్టాను. టికెట్ వెచ్చగా ఉంది. దాని పక్కన ఇంకొక టికెట్ లేదు. తిరిగి వెళ్ళడానికి కొనుక్కోలేదు.

"ప్రయాణం చేసినందుకు ధన్యవాదాలు," అన్నాను. దిగినవాళ్ళందరికీ చెప్పే మాట అది. నోరు దానంతట అదే అనేసింది.

వెనక నుంచి తొమాబెచి వచ్చాడు. పొడి గొడుగు పట్టీ విప్పి తెరిచాడు. ఆ గొడుగు మిత్సుయో తల మీద పట్టలేదు. పెట్టె మీద పట్టాడు. ఆమె జుట్టు మీద మంచు పడుతూనే ఉంది, ఇద్దరూ దాన్ని పట్టించుకోలేదు. ఆ పెట్టెలో ఎవరున్నారో ఆయనకి తెలుసని నాకు అప్పుడు అర్థమైంది. నాకు మాత్రం తెలియదు. మిత్సుయోకి పిల్లలున్నారని కూడా నాకెవరూ చెప్పలేదు. నేను ఎవరినీ అడగలేదు.

కినూ అవ్వ తన రాయి మీద కాలు పెట్టి రైలెక్కింది. ఆవిరి పట్టిన అద్దాన్ని లోపల నుంచి అరచేత్తో తుడిచింది. మా ముగ్గురినీ చూసింది. అన్ని సీట్లూ ఖాళీగా ఉన్నా నిలబడే ఉంది.

రైలు కదిలింది. నేను తల వంచి దండం పెట్టాను. తల ఎత్తేసరికి, ఆ ఇద్దరూ ఒక గొడుగు కింద ఒక పెట్టెతో, నా టికెట్ల గది ముందు నుంచి రోడ్డు వైపు నడుస్తున్నారు. మా ఇంటి దారి అటు కాదు.

"మిత్సుయో!" అని అరిచాను. ఆమె ఆగింది, తిరగలేదు.

మా తాత రైలు ఆగడానికి ఇచ్చిన చేను రెండు వందల నలభై ఆరు త్సుబోలు. ఒక త్సుబో అంటే రెండు చాపలు పక్కపక్కన పరిచినంత, ఒక మనిషి పడుకుని అటూ ఇటూ దొర్లడానికి సరిపోయేంత. అందులో నేను పోగొట్టుకున్నది నూట ఇరవై మూడు త్సుబోలు. ఏ సగమో ఎవరూ గీత గీయలేదు. నేను నిలబడిన చోటు ఆయనదో నాదో తెలియక, తెల్లగీత మీదే కదలకుండా నిలబడి ఉన్నాను.